తీరపు పీపా జెముడు: ముళ్ల మొదట్లో తేనె బొట్లు, చీమల బారు, నల్లటి మసి. ఇది తెగులా?

కాన్యన్ అంచు (మార్చి 14)

సభ్యులందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరంలో, ఒక కాన్యన్ (నిటారు వాలుల ఇరుకు లోయ) అంచున ఉన్న ఇంట్లో మేము నాలుగేళ్లుగా ఉంటున్నాము. పెరటి కంచె దాటితే వాలంతా ఎండు తుప్పలే. వేసవిలో చచ్చిపోయినట్టు బూడిదరంగులో ఉండి, చలికాలపు వానలు పడగానే మళ్లీ పచ్చబడే ఆ నేలను చూసి, పెరట్లో కూడా ఈ తీరానికి చెందిన మొక్కలనే పెంచాలని నిర్ణయించుకున్నాము. అలా మూడేళ్ల కిందట, స్థానిక మొక్కలను గింజల నుంచి పెంచి అమ్మే నర్సరీలో ఒక తీరపు పీపా జెముడును కొన్నాను. దాని శాస్త్రీయ నామం ఫెరోకాక్టస్ విరిడెసెన్స్. ఇప్పుడది చిన్న గుమ్మడికాయంత ఉంది.

రెండు వారాలుగా దాని నెత్తిమీద కొత్తగా వచ్చిన ముళ్ల మొదళ్లలో పారదర్శకమైన జిగట బొట్లు కనిపిస్తున్నాయి. ముట్టుకుంటే పంచదార పాకంలా వేలికి అంటుకుంటున్నాయి. కొన్ని ఎండి పసుపురంగు గుళికలయ్యాయి. కిందటి ఏడాది ముళ్ల చుట్టూ పొయ్యి మసి పూసినట్టు నల్లటి పొర ఏర్పడింది. దీనికితోడు చీమలు పగలంతా ఎక్కి దిగుతున్నాయి. మొక్క గట్టిగానే ఉంది, ఎక్కడా మెత్తబడలేదు. ఇది తెగులా, పురుగా, మరేదైనానా? మందు కొట్టమని ఒకరు, పీకి పారేయమని ఒకరు చెప్పారు. రెండింటికీ మనసు ఒప్పక ఇక్కడ అడుగుతున్నాను.

ముళ్లతోట (మార్చి 14)

మందు కొట్టవద్దు, పీకవద్దు. మీ మొక్క ఆరోగ్యంగానే ఉందని మీ వర్ణనను బట్టి దాదాపు నిశ్చయంగా చెప్పగలను.

ఆ బొట్లు మకరందమే. పువ్వులో ఊరే మకరందం కాదు, పువ్వుతో సంబంధం లేకుండా ముళ్ల మొదట్లో ఉండే గ్రంథుల నుంచి ఊరేది. ఫెరోకాక్టస్ ప్రజాతిలో ఇది బాగా ప్రసిద్ధమైన లక్షణం. ముళ్లు గుత్తిగా పుట్టే ప్రతి మచ్చను ఏరియోల్ అంటాము. ఆ ఏరియోల్‌లో ముళ్లకు పైభాగాన, మొక్క నెత్తికి దగ్గరగా, ముల్లులాగే పుట్టి మొద్దుబారిపోయినట్టుండే పొట్టి గ్రంథులు కొన్ని ఉంటాయి. మొక్క కొత్త ఏరియోల్‌లను వేసే కాలంలో, మొగ్గలు తొడిగే కాలంలో అవి చురుకుగా పనిచేస్తాయి. అందుకే పాత ముళ్ల దగ్గర కాకుండా నెత్తిమీదే మీకు బొట్లు కనిపించాయి.

నల్లటి పొర మసి తెగులు. మామిడి ఆకుల మీద తేనెమంచు పురుగు వదిలిన జిగురుపై నల్లగా పెరిగేది కూడా ఇలాంటి బూజే. అది తీపిని తిని బతుకుతుంది గాని మొక్క కణజాలంలోకి చొరబడదు. ఎండ బాగా కాసే రోజు ఉదయం పైపుతో కాస్త ఒత్తిడిగా నీళ్లు చిమ్మి, మెత్తటి కుంచెతో రుద్దితే చాలావరకు పోతుంది. సాయంత్రానికి నెత్తి పూర్తిగా ఆరిపోయేలా చూడండి. గాజు కప్పు కింద పెంచే నా మొక్కలకు ఈ మసి మరీ ఎక్కువగా పడుతుంది, ఎందుకంటే అక్కడ వాన కడగదు, చీమలు వచ్చి నాకవు.

పొడినేల (మార్చి 15)

ముళ్లతోట గారి మాటను కాదనను గాని, ఒక్క జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. ఇలాగే "మకరందమే కదా" అనుకుని నేను ఒక ఏడాది ఊరుకున్నాను. ఆ మొక్కకు మకరందమూ ఉంది, పిండినల్లీ ఉంది. చీమలు రెండింటి కోసమూ వచ్చేవి. చీమలు పిండినల్లిని కాపాడి, ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసి, అది విసర్జించే తీపి జిగురును తాగుతాయి. నేను గమనించేసరికి వేళ్లలో కూడా తెల్లటి పిండి పట్టి ఉంది, మొక్క దక్కలేదు.

కాబట్టి భూతద్దం పెట్టి, కణుపు కణుపునా వెతికి చూడండి. బొట్టు ఏరియోల్ పైభాగంలో ఒకే చోట ఊరుతూ, చుట్టూ దూదిలాంటి పదార్థం లేకపోతే అది గ్రంథి. మొక్క దేహం మీది పక్కటెముకల్లాంటి మడతల మధ్య లోతుల్లో, నేలకు ఆనుకున్న చోట తెల్లటి దూది కనిపిస్తే అది నల్లి. గోధుమరంగు చిప్పల్లా అంటుకుని ఉంటే పొలుసు పురుగు.

కాన్యన్ అంచు (మార్చి 17)

ఇద్దరికీ ధన్యవాదాలు. భూతద్దంతో రెండు రోజులు చూశాను. దూది గాని, పొలుసులు గాని ఎక్కడా లేవు. ముళ్లతోట గారు చెప్పిన పొట్టి గ్రంథులు స్పష్టంగా కనిపించాయి. ఒక బొట్టును కాగితంతో అద్ది తీసివేస్తే, మరునాడు ఉదయానికి అదే స్థానంలో మరొకటి ఊరింది. నీళ్లతో కడిగాక మసి సగానికి పైగా పోయింది.

ఇప్పుడు నా సందేహం వేరు. మొక్క ఇంత శ్రమపడి పువ్వు లేని చోట తేనె ఎందుకు కారుస్తుంది? వానలు కరువైన నేలలో, నీటిని బొట్టు బొట్టుగా దాచుకునే జీవి దానిని ఊరికే పారబోయదు కదా?

చీమలపుట్ట (మార్చి 17)

నేను కీటకశాస్త్రం చదువుకున్నాను. చీమలే నా అధ్యయన విషయం కాబట్టి ఈ ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

అది చీమలకిచ్చే కూలి. చీమ తీపి కోసం వస్తుంది, వచ్చిన చోటును తనదిగా భావించి కాపలా కాస్తుంది. మొగ్గలను తొలిచే పురుగులు, లేత కణజాలాన్ని పీల్చే ఇతర కీటకాలు ఆ చోటుకు వస్తే తరిమివేస్తుంది. జెముడు తన దేహమంతటిలోకీ అతి లేతగా ఉండే నెత్తి దగ్గరే, మొగ్గలు పుట్టే కాలంలోనే ఎక్కువ తేనె ఇవ్వడం గమనించండి. పెద్ద ముళ్లు జంతువుల నోటిని ఆపగలవు గాని, రెండు ముళ్ల మధ్య సందులోంచి దూరే పురుగును ఆపలేవు. ఆ పని చీమది.

అయితే ఏ చీమ అన్నదే అసలు విషయం. ఈ తీరపు తుప్పల్లో ఈ జెముడు మీద తరచు కనిపించే స్థానిక చీమల్లో ముఖ్యమైనది క్రెమాటోగ్యాస్టర్ కాలిఫోర్నికా. దాని కడుపు భాగం పైనుంచి చూస్తే హృదయాకారంలో ఉంటుంది. కదిలిస్తే ఆ భాగాన్ని తేలులా వీపు మీదికి ఎత్తుతుంది. సొలెనాప్సిస్ జైలోనై అనే స్థానిక కుట్టుచీమ కూడా వస్తుంది. మీ మొక్క మీద ఉన్నవి ఎలా ఉన్నాయో దయచేసి వివరించండి. రంగు, పరిమాణం, బారు కట్టి నడుస్తున్నాయా చెదురుగా తిరుగుతున్నాయా, ఎక్కడి నుంచి వస్తున్నాయి అనేవి చెబితే మేలు.

ఎండుపత్రం (మార్చి 18)

చీమల సంగతి తేలేలోగా మొక్క గురించి కొంత చెప్పనివ్వండి. దీనిని ఎడారి మొక్కగా భావించి పెంచేవారు చాలామంది ఉన్నారు, తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి.

థామస్ నట్టాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఖండాన్ని దాటి పసిఫిక్ తీరానికి వచ్చి, 1836 వసంతంలో శాన్ డియేగోలో మొక్కలు సేకరించాడు. ఈ జెముడును ఎకైనోకాక్టస్ విరిడెసెన్స్ అని ఆయన పేర్కొనగా, టోరీ, గ్రే అనే శాస్త్రజ్ఞులు 1840లో ప్రచురించారు. 1922లో బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు ఫెరోకాక్టస్ ప్రజాతిని ఏర్పరచి దీనిని అందులోకి మార్చారు. ప్రజాతి పేరులో ఉన్నది ఉగ్రత్వం, జాతి పేరులో ఉన్నది పచ్చదనం. ఆకుపచ్చ ఛాయ గల పసుపు పువ్వులను చూసినవారికి ఆ పేరు వెంటనే అర్థమవుతుంది. ప్రతి రేకు నడుమ ఎరుపు చార కూడా చాలా మొక్కలలో ఉంటుంది.

లోపలి ఎడారుల్లో మనిషి ఎత్తు వరకు పెరిగే ఫెరోకాక్టస్ సిలిండ్రేసియస్ దీనికి బంధువు. విరిడెసెన్స్ మాత్రం సాధారణంగా 30 సెంటీమీటర్ల ఎత్తు దాటదు. ఇది శాన్ డియేగో కౌంటీ (జిల్లా) తీరభాగంలోను, సరిహద్దుకు దక్షిణాన మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా వాయవ్య తీరంలోను మాత్రమే సహజంగా పెరుగుతుంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

ఈ నేలలో దాని ఇరుగుపొరుగును కూడా తెలుసుకోవాలి. నలిపితే ఘాటైన వాసన వచ్చే కాలిఫోర్నియా సేజ్‌బ్రష్, గుత్తులుగా పూసి తుప్పురంగుకు మారే బక్వీట్, నల్ల సేజ్, పసుపు పూల ఎన్సీలియా, తోలులాంటి ఆకుల లెమనేడ్ బెర్రీ దాని పొరుగు మొక్కలు. వీటిలో చాలావరకు వేసవిలో ఆకులు రాల్చుకుని ఎండను తట్టుకుంటాయి. జెముడుకు రాల్చుకోవడానికి ఆకులే లేవు. పొదల మధ్య రాతి గొడ్డు నేలల్లో, దక్షిణాభిముఖంగా ఉన్న వాలుల్లో, ఇతర మొక్కల పోటీ తక్కువగా ఉండేచోట అది నిలుస్తుంది. టోరీ పైన్స్ అభయారణ్యంలో నడిచినప్పుడు, సముద్రం కనిపించే ఎర్రటి ఇసుకరాతి అంచుల్లో నేను దీనిని మొదటిసారి చూశాను. ఆ తర్వాత కుండీలో చూసిన ఏ మొక్కా నాకు అంత సరైన చోట ఉన్నట్టు అనిపించలేదు.

కాన్యన్ అంచు (ఏప్రిల్ 20)

ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించండి. మొక్క పూసేదాకా ఆగి చూడాలనుకున్నాను. నిన్న రెండు పువ్వులు విచ్చాయి, ఎండుపత్రం గారు చెప్పిన ఎరుపు చార ఉంది.

చీమలు లేత గోధుమరంగులో, అన్నీ ఒకే పరిమాణంలో, సుమారు మూడు మిల్లీమీటర్ల పొడవున ఉన్నాయి. కడుపు ఎత్తడం లేదు, కుట్టడం లేదు. తెగిపోని బారు కట్టి వస్తున్నాయి. ఒకదానిని నలిపితే ముక్కిన వాసన వచ్చింది. బారు వెంట వెళ్లి చూస్తే అది పచ్చిక పక్కనున్న స్ప్రింక్లర్ వాల్వు పెట్టె కిందికి దిగింది. అక్కడ మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, వాల్వు కొద్దిగా కారుతోందని నాకు నిన్ననే తెలిసింది.

నన్ను కలతపెట్టినది మరొకటి. విచ్చిన పువ్వుల లోపల కూడా చీమలు కిక్కిరిసి ఉన్నాయి. పసుపురంగు పుప్పొడి మధ్య ఇరవై ముప్పై చీమలు తిరుగుతున్నాయి. ఒక తేనెటీగ వచ్చి పువ్వు అంచున వాలి, రెండు క్షణాలైనా నిలవకుండా వెళ్లిపోయింది.

చీమలపుట్ట (ఏప్రిల్ 20)

మీరు రాసిన ప్రతి లక్షణమూ అర్జెంటీనా చీమదే. శాస్త్రీయ నామం లైనెపిథీమా హ్యూమైల్. దక్షిణ అమెరికాలోని పరానా నదీ పరీవాహక ప్రాంతం దాని స్వస్థలం. కాలిఫోర్నియాకు 20వ శతాబ్దం తొలి దశకంలోనే చేరింది. ఒక పుట్టకూ మరో పుట్టకూ వైరం లేకుండా వందల కిలోమీటర్ల పొడవున ఒకే మహాసమూహంగా బతకడం దాని బలం. శాన్ డియేగో పరిసరాల నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాటేవరకు వ్యాపించిన ఒక సమూహం ఉంది. దానికి పరాయివైన చిన్న సమూహాలు కొన్ని మీ కౌంటీలోనే ఉన్నాయి. లేక్ హాడ్జెస్ ప్రాంతంలో రెండు సమూహాలు ఎదురుపడే సరిహద్దు వెంట లెక్కలేనన్ని చీమలు పోరాడి చనిపోతుంటాయి. ఒకసారి దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాను.

మీరు పువ్వు దగ్గర చూసినది మీ ఊహ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో శాఖ పరిశోధకులు సరిగ్గా ఈ జెముడు మీదే పనిచేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. స్థానిక క్రెమాటోగ్యాస్టర్ చీమ ఉన్న మొక్కలను, అర్జెంటీనా చీమ ఉన్న మొక్కలను వారు పోల్చారు. అర్జెంటీనా చీమలు పువ్వుల్లోకి ఎక్కువ సంఖ్యలో చొరబడుతున్నాయి. జెముడు పువ్వుల మీద ఆధారపడే డయడేసియా ప్రజాతి ఒంటరి తేనెటీగలు అలాంటి పువ్వులలో తక్కువసేపు గడుపుతున్నాయి. ఆ మొక్కలకు గింజలు తగ్గుతున్నాయి. కాపలాకని పెట్టుకున్న కూలి వచ్చే అతిథిని గుమ్మంలోనే తరిమివేస్తున్నట్టయింది. మొక్క ఇచ్చే తేనె మారలేదు, తీసుకునేవాడు మారాడు.

తడి వాల్వు పెట్టె సంగతి మీరు చెప్పడం ఎంతో మేలయింది. ఈ చీమ పొడినేలలో ఎక్కువకాలం మనలేదు. వానలు లేని ఏడెనిమిది నెలలు కాన్యన్ లోపలి ఎండు తుప్పల్లో స్థానిక చీమలు నిలుస్తాయి గాని ఇది నిలవలేదు. అందుకే ఇళ్ల అంచుల్లో, పచ్చికకు పెట్టిన నీళ్లు వాలులోకి కారేచోట మొదట స్థిరపడి, అక్కడి నుంచి తుప్పల్లోకి చొచ్చుకుపోతుంది. నివాసాల అంచు నుంచి సుమారు 100 మీటర్ల లోపల దీని సాంద్రత ఎక్కువగా ఉంటుంది. శాన్ డియేగో కాన్యన్‌లు చాలావరకు ఇరుకైనవి, రెండు వైపులా ఇళ్లు ఉన్నవి. అంటే అనేక కాన్యన్‌లలో అంచు తప్ప నడుమ అనేదే మిగల్లేదు. స్థానిక చీమలను తిని బతికే తీరపు కొమ్ముల బల్లి కూడా ఈ చీమ వచ్చినచోట తగ్గిపోతోంది. ఆ బల్లి పిల్లలు ఈ చీమను తిని సరిగా ఎదగలేవు.

పొడినేల (ఏప్రిల్ 21)

పరిష్కారం సులభమే. పంచదార నీళ్లలో కొద్దిపాటి బోరాక్స్ కలిపిన ఎరను డబ్బాల్లో పెట్టండి. చీమలు దానిని పుట్టకు మోసుకుపోతాయి, రాణులతో సహా నశిస్తాయి. మొక్క మీద పురుగుమందు చల్లితే తేనెటీగలు చస్తాయి, ఎరతో ఆ బాధ లేదు.

చీమలపుట్ట (ఏప్రిల్ 21)

ఇంటి లోపల, గోడల వెంట అయితే నాకు అభ్యంతరం లేదు. కాన్యన్ అంచున మాత్రం పెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. తీపి నీటికి స్థానిక చీమలూ వస్తాయి, ఎరకు తేడా తెలియదు. పైగా ఒక పుట్ట నశిస్తే అదే మహాసమూహంలోని పొరుగు పుట్టల చీమలు వారం తిరగకముందే ఖాళీని నింపుతాయి. స్థానిక చీమలకు అలా నింపే బలగం లేదు. చివరికి మిగిలేది పరాయి చీమే.

పొడినేల (ఏప్రిల్ 21)

ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే కదా. ఈ ఏడాది పూత మొత్తం పోతుంది. మూతకు సన్నటి రంధ్రాలున్న డబ్బాలను ఇంటి వైపు మాత్రమే పెడితే నష్టం తక్కువని నా అనుభవం. ఈ విషయంలో మీతో ఏకీభవించలేకపోతున్నాను.

ముళ్లతోట (ఏప్రిల్ 22)

ఇద్దరూ వాల్వును మరచిపోతున్నారు. నీరు ఆగితే చీమకు ఆధారం పోతుంది. ముందు ఆ పని చేసి, ఫలితం చూశాక ఎర సంగతి మాట్లాడుకోవచ్చు.

కాన్యన్ అంచు (ఏప్రిల్ 22)

వాల్వును బాగుచేయించడానికి మనిషిని పిలిచాను. పచ్చికను కూడా తీసివేయాలని ఇంట్లో అనుకుంటున్నాము. కాని నీరు పూర్తిగా మానేస్తే జెముడు ఎండిపోదా? ఇప్పటివరకు వేసవిలో వారానికొకసారి దానికి నీళ్లు పోస్తున్నాను. నర్సరీవారు ఇచ్చిన చీటీలో అలాగే రాసి ఉంది.

పొడినేల (ఏప్రిల్ 23)

ఈ ప్రశ్నకు మాత్రం తడుముకోకుండా జవాబు చెప్పగలను.

శాన్ డియేగో తీరంలో ఏడాదికి సగటున సుమారు 250 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో అధిక భాగం నవంబరు నుంచి మార్చి లోపలే. మీ జెముడు ఈ క్రమానికి తగ్గట్టు తన దేహాన్ని మలచుకుంది. వేళ్లు లోతుకు వెళ్లవు. నేలకు కొద్ది లోతులోనే చుట్టూ పరచుకుని, చిన్న వాన పడినా ఆ తడిని వెంటనే లాక్కుంటాయి. దేహం మీది మడతలు పక్కటెముకల్లా ఉండి, నీరు చేరినప్పుడు తెరుచుకుంటాయి, తరిగినప్పుడు దగ్గరపడతాయి. అందువల్ల చర్మం పగలకుండానే మొక్క ఉబ్బి, చిక్కిపోగలదు. సెప్టెంబరులో మీ మొక్క నేలలోకి కుంగినట్టు, పక్కటెముకలు పదునెక్కినట్టు కనిపిస్తే అది ఆపద కాదు, దాని వేసవి రూపమే అది.

ఇంకొకటి, జెముడు తన శ్వాసరంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. చల్లటి, తేమగల రాత్రిగాలిలోంచి బొగ్గుపులుసు వాయువును తీసుకుని ఆమ్లంగా నిలవచేసి, పగలు ఎండ వచ్చాక రంధ్రాలు మూసే ఉంచి, ఆ నిలవతో ఆహారం తయారుచేసుకుంటుంది. తీరంలో మే, జూన్ నెలల్లో సముద్రం మీది నుంచి వచ్చే మబ్బుపొర మధ్యాహ్నం దాకా కదలదు. ఆ చల్లదనం వల్ల మొక్క నుంచి ఆవిరై పోయే నీరు తగ్గుతుంది. ఎడారి జెముడుకు దొరకని ఈ వెసులుబాటు తీరపు జెముడుకు ఉంది. అందుకే లోపలి ఎడారి ఎండలో నాటితే దీని చర్మం కమిలిపోతుంది.

వేసవిలో వారానికొకసారి వెచ్చటి తడినేల ఇవ్వడమంటే వేరుకుళ్లుకు దారి తీయడమే. నేలలో నాటి మూడేళ్లయిన మొక్కకు అసలు నీళ్లు అవసరం లేదు. చలికాలం మరీ ఎండుగా గడిచిపోతే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒకటి రెండుసార్లు, వాన పడినట్టు నేలంతా తడిసేలా పోయండి. కుండీలో పెంచేవారికి లెక్క కొంత వేరు. గులకరాళ్లు, ముతక ఇసుక సగానికి పైగా ఉన్న మట్టిలో, పూర్తిగా ఆరాకే మళ్లీ నీళ్లు పోయాలి.

విత్తనపెట్టె (ఏప్రిల్ 25)

చర్చ చదువుతూ ఒక సందేహం వచ్చింది. ఒక మెట్ట మీద కొత్త ఇళ్ల కోసం నేల చదును చేయబోతున్నారు, గుర్తుగా జెండాలు పాతారు. అక్కడ ఈ జెముళ్లు కనీసం ఒక డజను ఉన్నాయి. యంత్రాల కింద నలిగిపోయేవాటిని తవ్వి తెచ్చుకుని కాపాడితే తప్పేమిటి? అవి చస్తాయని తెలిసీ వదిలేయడం మనసుకు కష్టంగా ఉంది.

ఎండుపత్రం (ఏప్రిల్ 25)

మీ బాధ నాకు తెలుసు, నేనూ అలాంటి జెండాల పక్కన నిలబడ్డవాడినే. అయినా దయచేసి తవ్వకండి.

కాలిఫోర్నియా శిక్షాస్మృతిలోని 384ఎ సెక్షన్ ప్రకారం, ఇతరుల నేలలోనో ప్రభుత్వ నేలలోనో పెరిగే మొక్కలను యజమాని లిఖితపూర్వక అనుమతి లేకుండా తీసుకోవడం నేరం. ఈ జెముడు సమాఖ్య ప్రభుత్వపు అంతరించే జాతుల జాబితాలో లేదు గాని, కాలిఫోర్నియా స్థానిక మొక్కల సంఘం దీనికి 2బి.1 శ్రేణి ఇచ్చింది. రాష్ట్రంలో అరుదైనదనీ, ఇక్కడ తీవ్రమైన ముప్పులో ఉన్నదనీ, రాష్ట్రం బయట ఇంతకన్నా ఎక్కువగా దొరుకుతుందనీ దాని అర్థం. శాన్ డియేగో నగరం 1997లో ఆమోదించిన బహుళ జాతుల సంరక్షణ ప్రణాళికలో రక్షణ పొందే 85 జాతుల్లో ఇదీ ఒకటి. కాబట్టి అలాంటి స్థలంలో మొక్కల సర్వే జరిగి ఉండాలి, తరలింపు షరతులు కూడా ఉండవచ్చు. నగర ప్రణాళికా విభాగంలో ఆ స్థలపు పర్యావరణ పత్రాలను అడిగి చదవండి, అందులో జెముళ్ల ప్రస్తావన లేకపోతే రాతపూర్వకంగా తెలియజేయండి. నిపుణులు అనుమతితో వాటిని తీసి, రక్షిత వాలుల్లో నాటే అవకాశం అప్పుడు ఉంటుంది. మన పెరట్లోకి చేరిన అడవి మొక్క బతికినా, దాని పుప్పొడి తన సమూహానికి ఇక చేరదు.

సరిహద్దు అవతలి నుంచి తెచ్చుకోవడం మరింత పెద్ద తప్పు. జెముడు కుటుంబం దాదాపు మొత్తం, అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు అనుబంధాల్లో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా మొక్కను దేశం దాటించకూడదు.

తీరపునడక (ఏప్రిల్ 27)

బాహా కాలిఫోర్నియా వైపు మాట వచ్చింది కాబట్టి నేను చూసినది చెబుతాను. ఎన్సెనాదాకు దక్షిణాన సముద్రంలోకి పొడుచుకుపోయిన పుంటా బండా అనే రాతి ద్వీపకల్పం ఉంది. అక్కడి వాలుల్లో ఈ పీపా జెముడు, బంగారు ముళ్ల కంబాల్లా గుంపుగా పెరిగే బెర్జెరోకాక్టస్ ఎమోరియై, షా కలబంద అని మేము పిలుచుకునే అగేవ్ షావియై, రాతి సందుల్లో తెల్లటి డడ్లియా మొక్కలు అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఉప్పుగాలి ముఖానికి కొడుతుంటే, మబ్బు విడిపోయి ఒక్కసారి ఎండ పడినప్పుడు ఆ ముళ్లన్నీ వెలిగాయి. అక్కడే గంటసేపు కూర్చుండిపోయాను.

కాని టిహువానా నుంచి ఎన్సెనాదా వరకు తీరం వెంట ఇళ్లు, విడిది గృహాలు, రహదారులు ఆ నేలను ముక్కలు చేశాయి. సరిహద్దుకు ఉత్తరాన ఆ పని అంతకుముందే చాలావరకు పూర్తయింది. సముద్రం కనిపించే చదును మెట్టలు జెముడుకు ఎంత ఇష్టమో ఇళ్లు కట్టేవారికీ అంతే ఇష్టం.

నిప్పు సంగతి కూడా చెప్పాలి. రాళ్ల మధ్య గొడ్డు నేలలో ఉన్న జెముడుకు పాతకాలపు మంటలు అంతగా తగిలేవి కావు, ఎందుకంటే చుట్టూ కాలడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిన బ్రోమ్ గడ్డి, అడవి ఓట్లు ఆ ఖాళీలను నింపాయి. మే నెలకే ఎండి, మంటను ఒక పొద నుంచి మరో పొదకు మోసుకుపోతాయి. 2003 అక్టోబరులో శాన్ డియేగో కౌంటీలో రేగిన సీడర్ కార్చిచ్చు 2,70,000 ఎకరాలకు పైగా కాల్చి, 15 మంది ప్రాణాలు తీసింది. కాలిన పొదల్లో చాలావరకు మొదలు నుంచి మళ్లీ చిగురిస్తాయి. నెత్తి ఉడికిపోయిన పీపా జెముడు చాలాసార్లు మళ్లీ లేవదు. గడ్డి నీడలో గింజ మొలకెత్తినా అది ఎదగలేదు. అందుకే స్వచ్ఛంద బృందాలతో కలిసి జెముళ్ల చుట్టూ గడ్డి పీకే పనికి నేను వెళుతుంటాను. అది నడుము విరిచే పని, ఒక ఉదయమంతా పీకితే నాలుగు మొక్కల చుట్టూ మాత్రమే శుభ్రమవుతుంది.

కాన్యన్ అంచు (అక్టోబరు 11)

ఇన్ని నెలల తర్వాత రాస్తున్నాను. వాల్వు బాగుచేశాము, మే నెలలో పచ్చిక తీసివేసి బక్వీట్, ఎన్సీలియా నాటాము. వాటికి మొదటి ఏడాది మాత్రమే డ్రిప్‌తో కొద్దిగా నీరు ఇస్తున్నాము, ఆ గొట్టాన్ని జెముడుకు దూరంగా ఉంచాము. ఎర పెట్టలేదు. జూలై చివరికి వాల్వు పెట్టె కింద మట్టి పొడిబారింది, అక్కడి బారు సన్నబడి చివరికి కనబడకుండా పోయింది. చీమలు పూర్తిగా పోలేదు, పొరుగింటి వైపు గోడ వెంట ఇంకా తిరుగుతున్నాయి.

ఏప్రిల్‌లో విచ్చిన పువ్వులకు కాయలు నిలిచాయి గాని చిన్నగా ఉన్నాయి. జూన్‌లో చివరగా పూసిన మూడు పువ్వులలో చీమలు తక్కువగా కనిపించాయి. ఒక ఉదయం ఆ పువ్వు లోపల తేనెటీగ ఒకటి కేసరాల మధ్య ఒళ్లంతా పసుపు పూసుకుని గిరగిరా తిరుగుతుండగా చూశాను. ఆ కాయలు ఇప్పుడు పసుపురంగుకు తిరిగాయి. ఒక మొక్కతో నేను ఏదీ నిరూపించలేనని తెలుసు. అయినా ఒక మొదటి కాయను, ఒక చివరి కాయను విప్పి పోల్చాను. రెండో దానిలో నల్లటి గింజలు స్పష్టంగా ఎక్కువగా ఉన్నాయి. ఈ గింజలను ఏం చేయమంటారు? కంచె అవతల వాలులో చల్లవచ్చా?

ముళ్లతోట (అక్టోబరు 11)

చాలా సంతోషం. జెముళ్లు ఎక్కువగా తమ పుప్పొడితో తామే గింజ కట్టవు కాబట్టి, మీ మొక్కకు పుప్పొడి కంచె అవతలి మొక్కల నుంచే వచ్చి ఉంటుంది. ఆ తేనెటీగ వాలులోని సమూహాన్ని, మీ పెరటిని కలిపిందన్నమాట.

ఎండుపత్రం (అక్టోబరు 12)

వాలులో చల్లవద్దు. మీ తల్లి మొక్క గింజ ఏ సమూహం నుంచి వచ్చిందో తెలియకుండా దాని సంతానాన్ని అడవిలో కలపడం సరికాదు, ఆ నేలను చూసే నగర ఉద్యానవన విభాగం అనుమతి కూడా కావాలి. మొక్కను కొన్న నర్సరీని అడగండి, అలాంటి నర్సరీలు కొన్ని గింజ సేకరించిన చోటును రాసి ఉంచుతాయి. ఆ చోటు మీ కాన్యనే అని తేలితే కాన్యన్ సంరక్షణ బృందంవారితో మాట్లాడవచ్చు.

విత్తనపెట్టె (అక్టోబరు 12)

ఆలోగా సగం గింజలను విత్తి చూడండి. గుజ్జు మిగలకుండా కడిగి, నీడలో ఆరబెట్టి, ముతక ఇసుక ఎక్కువగా ఉన్న మట్టిపైన చల్లండి. పైన సన్నటి గులకను ఒక్క వరుస మాత్రమే కప్పండి, మొలకకు వెలుతురు కావాలి. మొలిచేదాకా మట్టి తడి ఆరకూడదు. మొదటి ఏడాది మొలకలు బఠానీ గింజంతే ఉంటాయి, నేరుగా ఎండ తగలనివ్వకండి. మిగతా సగాన్ని కాగితపు సంచిలో వేసి, తేదీ, తల్లి మొక్క వివరం రాసి పొడిచోట ఉంచండి.

నేను అడిగిన మెట్ట సంగతి కూడా చెబుతాను. పర్యావరణ పత్రాలు చదివాను. జెముళ్ల సంఖ్య అందులో ఉంది, వాటిని తరలించాలనే షరతూ ఉంది. గత నెలలో కొందరు వచ్చి ఒక్కో మొక్కకు ఉత్తర దిక్కు ఏదో రంగుతో గుర్తుపెట్టి, అదే దిశలో మళ్లీ నాటడానికి తీసుకువెళ్లారు. నాటిన చోటికి తీరపునడక గారి బృందం గడ్డి పీకడానికి వెళ్తుందట, నేనూ పేరు ఇచ్చాను.

కాన్యన్ అంచు (అక్టోబరు 13)

నర్సరీకి ఈ ఉదయం ఉత్తరం రాశాను. గింజలు కడిగి ఆరబెట్టాను. మిగిలిన కాయలను మొక్క మీదే వదిలేశాను.